ఫ్రీవీల్‌లో లేని కుక్క

ఇరుసు విరిగిన సంగతి మహానందకు చెవికన్నా ముందు నడుముకు తెలిసింది. రేసుకు ముందు ఒళ్లు వేడెక్కించుకుందామని జొన్నచేల మధ్య తారురోడ్డు మీద తొక్కుతోంది, ఒక్క తొక్కుకు వెనక చక్రం పక్కకు ఒరిగి ఫ్రేముకు రాసుకుంది, ఎవరో జడ పట్టి లాగినట్టు సైకిల్ ఆగిపోయింది. దిగి చూస్తే చక్రం నడిమి హబ్బు లోపల ఇరుసు రెండు ముక్కలు. ఇవాళేనా? ఏడాదంతా చెరకు ట్రాక్టర్ల వెనక పొగ మింగుతూ తొక్కిందంతా ఈ గంటలో పోవాలా? హొసకట్టి జాత్ర మైదానంలో మైకు అరుస్తూనే ఉంది, ఆడపిల్లల రేసు ఇంకో గంటలో, మొదట వచ్చినమ్మాయిని రైల్వే వాళ్ల సెలెక్షన్‌కు హుబ్బళ్లి పంపిస్తారు, పేర్లిచ్చినవాళ్లు గీత దగ్గరికి రావాలి అని, మధ్యలో తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెబుతూ. సైకిల్ భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది మహానంద. ఇప్పుడు ఖాళీ చెరకు ట్రైలర్ నీడలో నిలబడి ఉంది. ఎదురుగా టైరుకు ఆనించిన వెనక చక్రాలు రెండు, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి అన్న ఈరణ్ణది, ఏడాదిగా పశువుల కొట్టం దూలానికి వేలాడిన ఫ్రీవీల్ చక్రం, పుల్లల మధ్య సాలెగూడు, పిడకల పొగ వాసన. రెండోది అన్న దోస్తు శ్రీశైల్ తెచ్చింది, కొత్త తరహా కాసెట్ హబ్బుది, నల్లగా నిగనిగలాడుతూ, వేలితో తోస్తే చాలు తేనెతుట్టె కదిలినట్టు రొద చేస్తుంది.

“తీసుకో చెల్లీ, మొహమాటమెందుకు,” అన్నాడు శ్రీశైల్. ఒంటిమీద రైల్వే ట్రాక్‌సూటు, మెడలో జాత్ర కమిటీ వేసిన దండ. “దీని ఇరుసు మీద ఏనుగెక్కినా విరగదు. ఆ కొట్టం సామాను నీకెందుకు? నేను అకాడమీలో కళ్లు తెరిచిందే కాసెట్ మీద. ఫ్రీవీల్ ఎటు తిప్పితే ఊడుతుందో కూడా నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. నువ్వు గెలువు చాలు, మా కోచ్ సార్ పక్కనే నా కుర్చీ, నీ పేరు ఆయన చెవిన వేసే పూచీ నాది.”

“ఏం దొరవయ్యావురా,” అని నవ్వాడు ఈరణ్ణ, చేతికర్ర పక్కన పెడుతూ. “మా చెల్లికి ఏనుగు అక్కర్లేదులే, అదే ఏనుగు. దస్తగీర్ కాకా, దీని విరిగిన చక్రంలోని ఫ్రీవీల్ ఊడదీసి నా చక్రానికి ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది?”

సైకిల్ మెకానిక్ దస్తగీర్‌సాబ్ తలెత్తలేదు. చెక్క పలకకు బిగించిన వైసును ట్రైలర్ నీడలోకి లాక్కుంటూ, “చిన్నమ్మ ఊఁ అనాలి కదా,” అన్నాడు. మహానంద ఊఁ అనలేదు. ఆయనతో మాట్లాడి ఏడాదయింది. శ్రీశైల్ ఆ మౌనాన్ని చూసి కనుబొమ్మలు ఎగరేసి, ఆలోచించుకో మరి, అన్నట్టు చెయ్యి ఊపి వేదిక వైపు వెళ్లాడు.

ఎవరు పిలిచారు ఈ ముసలాణ్ని? అన్నే పిలిచి ఉంటాడు, అన్నకు కోపం నిలవదు, కాలు పోయినా నిలవలేదు. తనకు నిలుస్తుంది. ఏడాదిగా కుంపట్లో నిప్పులా ఒళ్లో పెట్టుకుని తిరుగుతోంది. ఈ చేతులే కదా అన్న చక్రానికి ఆ ఫ్రీవీల్ బిగించింది, పోయినేటి జాత్రకు వారం ముందు, కొత్త సరుకు అని చెప్పి, నూనె చుక్క వేసి తిప్పి చూపించి, విను ఈరణ్ణా ఎంత ముద్దుగా మాట్లాడుతోందో అని. ఆ ముద్దు మాటే చివర్లో జారింది. అందుకే బజారులో నలుగురి ముందు ఆయన పంక్చర్ నీళ్ల తొట్టి కాలితో తన్నింది, నీళ్లు చెప్పుల దుకాణం దాకా పారాయి, ఆయన ఏమీ అనకుండా తొట్టి మళ్లీ నిలబెట్టుకున్నాడు, అది ఇంకా మండించింది. తిరగబడితే బాగుండేది. ఊళ్లో ఒక్క సైకిలూ ఆయన దగ్గరికి పోకుండా చేసింది, ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, చౌక సరుకు బిగించి మా అన్నను కుంటివాణ్ని చేశాడు అని. మొదట ఆ మాట అన్నదెవరు? తనేనా? కాదు, తను అప్పటికి ఏడుస్తోంది. ఎవరో అన్నారు, రోడ్డు మీదే అన్నారు. ఇప్పుడెందుకది, మైకు పిలుస్తోంది, చక్రం తేల్చాలి.

తేల్చడానికి ఏముంది, తెలివి ఉన్నవాళ్లు కాసెట్టే తీసుకుంటారు. అన్నే చెప్పాడు ఒకప్పుడు, చేలో బిందె చూపించి. బిందెను చంకలో పెట్టుకుంటే ఎంత బరువైనా మోస్తావు, అదే చెయ్యి చాచి పట్టుకో, మణికట్టు పడిపోతుంది. కాసెట్ హబ్బులో బేరింగు ఇరుసు కొసలో, ఫ్రేము పక్కనే ఉంటుంది, అది చంకలో బిందె. ఫ్రీవీల్ హబ్బుకు పళ్లచక్రాలన్నీ బయట మరకు బిగుస్తాయి, బేరింగు లోపలికి పోతుంది, ఇరుసు అంత దూరం చెయ్యి చాచి నిలబడాలి, నీలాంటి మొరటు తొక్కుడుకు ఎప్పుడో ఒకరోజు టప్పున పోతుంది. పోయింది ఇవాళ. అన్న అన్నట్టే. మరి నువ్వెందుకన్నా ఫ్రీవీల్ మీదే ఉన్నావు అంటే, నాకు దొరికిన పిల్ల ఇదీ, దీంతోనే కాపురం అని నవ్వేవాడు. పాడైతే మొత్తం విప్పి కొత్తది తిప్పేస్తాం, పల్లెటూళ్లో కూడా దొరుకుతుంది, కాసెట్ గుండె పోతే బెంగళూరు పోవాలి అనేవాడు. ఆ రోజుల్లో చుట్టుపక్కల కాసెట్ హబ్బు ఉన్నది ఒక్క శ్రీశైల్‌కే, అకాడమీ వాళ్లు ఇచ్చింది. వాడి సైకిల్ వస్తుంటే రొదకు కుక్కలు కూడా లేచేవి. ఆ రొద వెనకే అన్న నిశ్శబ్దంగా వచ్చి, గీత దగ్గర ఎప్పుడూ ముందు చక్రం మందాన గెలిచేవాడు. ప్రతిసారీ. ప్రతిసారీ శ్రీశైల్ కావిలించుకునేవాడు.

“ఇంకా చూస్తావేంటే, అది అందంగా ఉందనా?” అన్నాడు ఈరణ్ణ. “తీసుకో, నాకేం లేదు. కానీ చెప్తున్నా, దాన్ని పట్టించాలంటే నీ ఫ్రేము వెనక భాగాన్ని వేలెడు వెడల్పుగా సాగదీయాలి. సాగదీసిన ఫ్రేమును మొదటి రేసులో నమ్మకూడదు.”

మహానంద దస్తగీర్‌సాబ్ వైపు చూడకుండా, “అన్నయ్యదే ఎక్కించమను,” అంది.

“వింటున్నాలే, మధ్యన రాయబారమెందుకు,” అని గొణిగాడు ముసలాయన. వైసులో ఫ్రీవీల్ ఊడదీసే పనిముట్టు బిగించాడు, దాని మీద అన్న చక్రాన్ని బోర్లించాడు. పలక పైకి లేవకుండా ఈరణ్ణ జరిగి దాని మీద పూర్తిగా కూర్చున్నాడు. “కాలు పనికిరాకపోయినా బరువు పనికొస్తోంది చూశావా కాకా,” అన్నాడు. ముసలాయన రిమ్మును రెండు చేతులా పట్టి లారీ స్టీరింగులా తిప్పాడు. కదల్లేదు. ఫ్రీవీల్ అంతే, తొక్కేకొద్దీ బిగుసుకుంటుంది, ఆ వారంలో అన్న తొక్కిన ప్రతి మైలూ ఆ మరలో ఉంది, బదామి ఎక్కుడు, ఘటప్రభ వంతెన, తెల్లారుజామున చెరకు బళ్లను దాటుకుంటూ పోయిన దారులన్నీ అందులో బిగుసుకుని కూర్చున్నాయి. మహానంద అవతలి పక్క చెయ్యి వేసింది. ముసలాయన చేతికి ఆమె చెయ్యి తగిలింది, ఇద్దరూ తీయలేదు. కిర్రుమంది, ఊడింది.

ఆ మర వదిలిన చప్పుడుకు ఎందుకో ఆ రోజు కళ్లముందుకొచ్చింది. ఇదే మైదానం, ఇదే గీత, చివరి మలుపు తిరిగి ఇద్దరూ వస్తున్నారు, శ్రీశైల్ ముందు, అన్న వాడి భుజం వెనక, ఇప్పుడు లేస్తాడు, సీటు మీంచి లేచాడు, తొక్కాడు, కాలు ఖాళీలోకి పోయింది. మెట్టు ఉందనుకుని అడుగేసినవాడిలా. ముందుకు బోర్లా పడ్డాడు, సైకిల్ మీద పడింది, వెనకవాళ్లు దాని మీద పడ్డారు. తొడ ఎముక విరిగిన చప్పుడు డోలు మోతలో కూడా వినిపించింది. గెలిచి కూడా చేతులెత్తకుండా సైకిల్ విసిరేసి వెనక్కి పరుగెత్తుకొచ్చింది శ్రీశైల్. అన్నను ఎత్తుకున్నది శ్రీశైల్. ఎత్తుకుంటూ ఏడుస్తూ అరిచింది శ్రీశైల్, దస్తగీర్ గాడు చౌక సరుకు బిగించాడు, ఫ్రీవీల్ జారింది, చంపేశాడు నా దోస్తును అని.

వాడే. ఆ మాట మొదట అన్నది వాడే.

అయితే ఏం, దోస్తు అనడా. కానీ ఫ్రీవీల్ జారిందని ముందున్నవాడికి ఎలా తెలిసింది? వెనక్కి చూడలేదు కదా. గీత దాటేదాకా వాడి తల వంచే ఉంది. చెయిన్ తెగిందనవచ్చు, టైరు పేలిందనవచ్చు, అందరూ మొదట టైరే అనుకున్నారు.

ఊడిన ఫ్రీవీల్ ఆమె అరచేతిలో ఉంది, బరువుగా, చల్లగా, ఏడాది మడ్డితో. ముసలాయన ఆమె విరిగిన చక్రం మీద పనిలో పడ్డాడు. మహానంద నడుముకు చుట్టుకున్న చున్నీ కొసతో మడ్డి తుడుస్తూ కూర్చుంది, ఊరికే, చేతులకు పని కావాలి కనుక. పళ్లచక్రాన్ని వేలితో తిప్పింది. టిక్, టిక్, టిక్. ఇదేం చప్పుడు? తన ఫ్రీవీల్ ఇలా అరవదు. లోపల రెండు కుక్కలుంటాయి, మెకానిక్కులు వాటిని అలాగే పిలుస్తారు, చిన్న ఇనుప నాలుకలు, తొక్కినప్పుడు పళ్లను కరిచి పట్టుకునేవి, వదిలేస్తే పళ్ల మీద మొరుగుతూ పోయేవి. రెండూ కలిసి మొరిగితే చప్పుడు నిండుగా ఉంటుంది. ఇది పలచగా ఉంది, ఒక కాలు ఈడ్చుకుంటూ ఇంట్లో నడిచే అన్న అడుగుల్లా. లోపలి వలయాన్ని ఒక చేత్తో పట్టి పళ్లచక్రాన్ని రెండో చేత్తో గట్టిగా మెలిపెట్టింది. పట్టింది. మళ్లీ తిప్పి మెలిపెట్టింది. పట్టింది. మూడోసారి జారి చెయ్యి గీరుకుపోయింది.

మొహం దగ్గరికి తెచ్చుకుంది. మధ్యలో గుండ్రటి మూత, దానికి రెండు చిన్న గుంటలు, సూదిమొన ఉలి ఆనించి సుత్తితో తట్టి తిప్పేందుకు. గుంటల అంచు ఒకవైపు నుజ్జునుజ్జుగా ఉంది, దెబ్బ మీద దెబ్బ, పిచ్చి దెబ్బలు, లోహం ముద్దయి లేచింది. రెండో వైపు మాత్రం ఒకటే దెబ్బ, శుభ్రంగా.

“కాకా,” అంది. ఏడాది తరువాత ఆ పిలుపు నోట్లోంచి వచ్చేసరికి ముసలాయన చేతిలో పనిముట్టు జారి పలక మీద పడింది. “దీని మూత ఎటు తిప్పితే ఊడుతుంది?”

“కుడికి తిప్పాలి తల్లీ. ఎదురు మర అది. తెలియనివాడు అన్ని మరల్లాగే ఎడమకు కొడతాడు, కొట్టేకొద్దీ బిగుసుకుంటుంది,” అని చెయ్యి చాచి తీసుకుని, ఎండలోకి వంచి చూశాడు. చాలాసేపు చూశాడు. “ఇది నా దెబ్బ కాదు.”

“చూస్తే తెలుస్తోంది. ఇన్నాళ్లూ చెప్పవేం?”

“చక్రం ఒక్కసారి చూడనివ్వమని మీ ఇంటికి రాలేదూ? మీ అమ్మ వాకిట్లోంచే పొమ్మంది. నువ్వు గుమ్మంలో కొడవలి పట్టుకుని నిలబడ్డావు. నా మెడ నాకు తీపే కదమ్మా.”

ఈరణ్ణ చెయ్యి చాచాడు. ముసలాయన ఇచ్చాడు. ఈరణ్ణ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని తిప్పాడు. టిక్, టిక్. నవ్వు మొహం నవ్వుతూనే ఆగిపోయింది. “ఒకటే అరుస్తోంది,” అన్నాడు, “రెండోది లేదు.” ఎవరు అని అడగలేదు. ఎండిన తొడ మీద అరచెయ్యి వేసి రుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఎడమకు కొట్టినవాడు ఎవడు? అన్ని మరలూ ఒకేవైపు తిరుగుతాయనుకునేవాడు. కాసెట్‌ను బిగించే తాళం మూత ఎడమకే ఊడుతుంది. ఫ్రీవీల్ ఎటు తిప్పితే ఊడుతుందో కూడా నాకు తెలీదు చెల్లీ. తెలీదు కదూ. తెలీక కొట్టావు, కొట్టి కొట్టి తెలుసుకున్నావు. జాత్ర ముందురోజు రాత్రి ధర్మశాల గదిలో పడుకున్నది ఇద్దరే, అన్నా వాడూ, సైకిళ్లు గోడకు ఆనించి. అన్న పడుకుంటే పిడుగు పడ్డా లేవడు, ఆ సంగతి వాడికి తెలుసు, బయట తెల్లవార్లూ డోళ్లు, సుత్తి దెబ్బ ఎవరికి వినిపిస్తుంది? మూత తీశాడు. మూత తీస్తే లోపలి గోళీలు ఆవాల్లా నేలంతా జల్లుమంటాయి, కొత్తవాడికి ఆ సంగతీ తెలీదు. ఆవాల్లా. ఆవాలు. యవ్వా! ఆ పొద్దున తనూ వచ్చాక ధర్మశాల మెట్ల మీద ముగ్గురూ కూర్చుని జొన్నరొట్టె తింటున్నారు, రాత్రంతా గదిలో విప్పి ఉన్న మూటే, అమ్మ కొట్టిన పల్లీల పొడి, అన్న కసుక్కున ఏదో కొరికి, పళ్లు పట్టుకుని ఉమ్మాడు. అరచేతిలో ఆవగింజ కన్నా కాస్త పెద్ద ఇనుప గోళీ. అన్న పగలబడి నవ్వాడు, అమ్మ ఇనుము కూడా వేసి కొట్టింది చూడవే, నేను గట్టిపడాలని. తను నవ్వింది. శ్రీశైల్ కూడా నవ్వాడు, అందరూ ఆగాక నవ్వాడు, ఆ గోళీని అన్న చేతిలోంచి తీసుకుని దూరంగా విసిరాడు. తరువాత విభూతి తెచ్చాడు. రేసుకు ముందు అన్న నుదుట విభూతి పెట్టేది ఎప్పుడూ వాడే, మూడు వేళ్లతో, గురువుగారిలా కళ్లు మూసుకుని. ఆ తెల్లటి మూడు గీతల్లో ఒకటి నల్లగా పడింది. దీపం మసి అనుకుని తనే చున్నీతో తుడిచింది, తుడిస్తే పోలేదు, జిడ్డుగా సాగింది. మసి జిడ్డుగా ఉండదు. వాడి గోళ్లలో నల్ల గ్రీజు, తన అన్న నుదుట, దేవుడి గుర్తులో. దాంతోనే అన్న గీత దగ్గరికి పోయాడు. దాంతోనే పడ్డాడు. రైల్వే ఉద్యోగం ఆ ఏడు ఒక్కటే ఉంది, గెలిచినవాడికి.

ఏం చెయ్యాలి వాణ్ని? ఆ మెరిసే చక్రాన్ని పుల్లపుల్లగా విరిచి కాలవలో పారెయ్యాలి. కాదు, అదే చక్రం వాడి మెడలో ఆ దండకు బదులు వెయ్యాలి. కొడవలి ఇంట్లో ఉంది. ఈ ఫ్రీవీల్ చాలదూ, పళ్లున్నాయి దీనికి, వేదిక ఎక్కి ఆ నవ్వే మొహం మీద ఒక్కటి. ఆపైన? పోలీసులు, అమ్మ ఏడుపు, వాడు మంచివాడు, ఈమె పిచ్చిది, అందరూ వాణ్నే ఎత్తుకుంటారు, వాడు అన్నను ఎత్తుకున్నట్టు. లేదంటే నోరు మూసుకోవాలి, చెల్లీ అనిపించుకోవాలి, వాడి చెవి ఊదుడుతో హుబ్బళ్లి పోవాలి, నెలనెలా అన్న మందులకు జీతం పంపాలి, వాడితో ఒకే క్యాంటీన్‌లో టీ తాగాలి. వాడు చక్రం ఎందుకిచ్చాడో ఇప్పుడు తెలుస్తోంది. దాని మీద గెలిస్తే, పాపం, ఫ్రీవీల్ మీద ఉండి ఉంటే ఈమె కూడా వాళ్లన్నలాగే పడేది అంటారు లోకులు. వాడు పాపం కడుక్కునే నీళ్లు తను కావాలి. ముసలాయన తొట్టి తన్నిన కాలు ఇదే, తప్పు తొట్టిని తన్నింది, ఇప్పుడు సరైన తొట్టి దొరికింది.

“ఏంటింకా తేల్చుకోలేదా?” శ్రీశైల్ మళ్లీ వచ్చాడు, మిర్చి బజ్జీల పొట్లం చేతిలో. “తిను ఈరణ్ణా, వేడిగా ఉన్నాయి. చెల్లీ, గీత దగ్గర పిలుస్తున్నారు.”

“తేల్చుకున్నా,” అంది మహానంద.

వాడి చూపు ఆమె చేతిలో ఉన్నదాని మీద పడింది. బజ్జీల నూనె కాగితం లోంచి వేళ్ల మీదికి కారింది, వాడు తుడుచుకోలేదు. “అదెందుకు పట్టుకున్నావు? పారెయ్, ఇనుప సామాన్ల వాడు కూడా తీసుకోడు.”

“జ్ఞాపకం అన్నా,” అంది. రేసు చొక్కా వీపు జేబులో, అరటిపండు పెట్టుకునే చోట, దాన్ని దోపుకుంది. ముసలాయన అప్పటికే ఆమె ఫ్రీవీల్ ఈరణ్ణ చక్రానికి ఎక్కించి సైకిల్‌కు బిగించేశాడు. ఎత్తి తిప్పాడు. రెండు కుక్కలూ నిండుగా మొరిగాయి. ఈరణ్ణ కర్ర ఊతంతో లేచాడు, శ్రీశైల్ భుజం పట్టుకోబోతే పట్టనివ్వలేదు, మొదటిసారి. శ్రీశైల్ చెయ్యి గాల్లో కాసేపు ఉండి, దండ సవరించుకోవడానికి పోయింది. వాడు గబగబా వేదిక వైపు నడిచాడు, తన కుర్చీకి, కోచ్ సార్ పక్కకు.

గీత దగ్గర అమ్మాయిలు వరుసగా నిలబడ్డారు, పెడల్ మీద ఒక కాలు. హొసకట్టి రేసులో ఆనవాయితీ ఒకటుంది, కదిలే ముందు ప్రతివాళ్లూ మైకులో పేరు, ఊరు, ఎవరి పేరున తొక్కుతున్నారో చెప్పాలి. పోయిన తాత పేరున, మొక్కుకున్న దేవుడి పేరున, చదివించిన మేనమామ పేరున. జనం చప్పట్లు కొడతారు. మైకు ఒక్కొక్కరినీ దాటుకుంటూ వస్తోంది, వీపు మీద ఇనుము బరువుగా వేలాడుతోంది, ఎండకు వేడెక్కి చర్మం మీద పళ్లు గుచ్చుకుంటున్నాయి, గుచ్చుకోనీ, ఒక్క మాట చాలు, ఆ మాట అంటే హుబ్బళ్లి పోయినట్టే, కోచ్ సార్ తన మనిషి మీద నింద వేసిన పిల్లను తీసుకుంటాడా, గెలిచినా తీసుకోడేమో, తీసుకోకపోనీ, రోజూ ఆ గ్రీజు వేళ్లను చూస్తూ బతకడం కన్నా చెరకు నరకడం నయం. ట్రైలర్ దగ్గర అన్న నిలబడి ఉన్నాడు, కర్ర మీద, పక్కన ముసలాయన. అన్న తల అడ్డంగా ఊపలేదు. నిలువుగానూ ఊపలేదు. చూస్తున్నాడు.

మైకు ముందుకొచ్చింది. ప్రకటన చేసే గౌడగారు పెద్దగా నవ్వారు. “రావమ్మా రా, చెప్పు, నీ పేరు?”

“మహానంద.”

“ఎవరి పేరున తొక్కుతున్నావు తల్లీ?”

“మా అన్న ఈరణ్ణ పేరున.” చప్పట్లు మొదలయ్యాయి. ఆమె వీపు జేబులోంచి ఫ్రీవీల్ తీసి మైకు దగ్గర పెట్టి వేలితో తిప్పింది. టిక్, టిక్, టిక్, మైదానమంతా, డోళ్ల మీద, మిఠాయి కొట్ల మీద, ఆ కుంటి చప్పుడు. చప్పట్లు ఆగిపోయాయి. “విన్నారా? పోయినేడు ఈ గీత దగ్గర మా అన్న పడింది దీని మీదే. దస్తగీర్ కాకా బిగించినప్పుడు దీన్లో కుక్కలు రెండు. జాత్ర ముందు రాత్రి ధర్మశాలలో దీని మూత ఎడమకు కొట్టి, ఊడక, మళ్లీ కుడికి కొట్టి, ఒకదాన్ని పీకేశాడొకడు. తెల్లారి అదే చేత్తో అన్న నుదుట విభూతి పెట్టాడు.”

“ఏమ్మా, ఏం మాటలివి?” గౌడగారి గొంతు తగ్గిపోయింది, మైకు మాత్రం ఆమె నోటి దగ్గరే ఉండిపోయింది. “ఎవడమ్మా వాడు?”

వేదిక మీద దండ వేసుకున్న మనిషి కుర్చీలోంచి సగం లేచాడు. మహానంద అతని కళ్లలోకే చూస్తూ, అక్షరం అక్షరం విడిగా, చివరి వరుసలో పిల్లల్ని భుజాన ఎత్తుకున్న వాళ్లకు కూడా వినిపించేలా అంది.

“శ్రీశైల్.”